తారీఖు లేని ఫొటో

తెలుగులో తారీఖు అంటే రోజు. ఈరోజు ఏ తారీఖు, జీతం ఏ తారీఖున పడుతుంది, నిఖా ఏ తారీఖున ఖాయం చేశారు, అంతవరకే వాడుకుంటాం. ఉర్దూలో ఈ మాటకి ఇంకో మతలబు ఉంది. తారీఖ్ అంటే చరిత్ర. మన నానాల జమానాలో బడిలో చదివిన చరిత్ర పాఠం పేరు అదే. రోజునీ, చరిత్రనీ ఒకే మాటతో పిలిచిన వాళ్లు తెలివైనవాళ్లే అనుకుంటాను. రోజు తెలియకపోతే చరిత్ర ఎక్కడ మొదలుపెడతాం?

ఇంట్లో ఉన్న పాత ఫొటో ఒకటి తీసి వెనక్కి తిప్పి చూడండి. చాలావరకు ఖాళీగానే ఉంటుంది. మహా అయితే స్టూడియో మొహర్ సగం చెరిగిపోయి కనిపిస్తుంది. ముందువైపు షేర్వానీలో ఒకాయన, పక్కన కుర్చీలో తలకొంగు కప్పుకున్న ఒకావిడ, కింద చాపమీద ముగ్గురు పిల్లలు. ఆ పిల్లల్లో ఒకరు ఇంకా బతికే ఉంటారు. అందరి పేర్లు, ఫొటో తీసిన ఊరు, ఆ రోజు ఏం సందర్భమో చెప్పగలిగేది ఆ ఒక్కరే. వాళ్లు వెళ్లిపోయాక ఆ షేర్వానీ ఆయన "ఎవరో ముసలాయన" అయిపోతాడు. ఇంకో పాతికేళ్లకి ఇల్లు మారేటప్పుడు పాత అట్టలతో పాటు బయటికి పోతాడు.

ఇది ఏ ఊళ్లోనైనా జరిగేదే. కానీ ఖమ్మం నుంచి భద్రాచలం అడవి దాకా, గోదావరికి ఈ గట్టూ ఆ గట్టూ ఉన్న మన ఇలాఖాలో ఇది మామూలు నష్టం కాదు. ఇక్కడ సర్కారీ దఫ్తరాలు మన తారీఖుని ఒకచోట నిలబెట్టి దాచలేదు. దాచింది ఇళ్లల్లోని సందూఖులు. అందుకే ఆ సందూఖుల గురించి మాట్లాడాలి.

నది కదల్లేదు, దఫ్తరం కదిలింది

భద్రాచలం కథే చూడండి. గోల్కొండ ఆఖరి పాదుషా అబుల్ హసన్ తానీషా కాలంలో అది పాల్వంచ పరగణా. నేలకొండపల్లిలో పుట్టిన కంచర్ల గోపన్న ఆ పరగణాకి తహసీల్దారు. తర్వాత ఆసఫ్‌జాహీల ఏలుబడి. 1860లో నిజాం గోదావరి ఎడమగట్టు తాలూకాలని ఇంగ్లీషువాళ్లకి ఇచ్చేశాడు. దాంతో భద్రాచలం, రేకపల్లి నాగపూర్ కేంద్రంగా ఉన్న సెంట్రల్ ప్రావిన్సెస్‌లోకి, ఎగువ గోదావరి జిల్లాలోకి పోయాయి. 1874లో అక్కడినుంచి తీసి మద్రాసు ప్రెసిడెన్సీలో గోదావరి జిల్లాకి కలిపారు. కుడిగట్టున పాల్వంచ, బూర్గంపహాడ్ మాత్రం నిజాం రాజ్యంలోనే ఉండిపోయాయి. 1953లో వరంగల్ నుంచి విడదీసి ఖమ్మం జిల్లా చేశారు. 1959లో భద్రాచలం, నూగూరు తాలూకాలు తూర్పు గోదావరి నుంచి ఖమ్మంలోకి వచ్చాయి.

అక్కడితో ఆగలేదు. 2014లో పోలవరం కోసమని కూనవరం, చింతూరు, వరరామచంద్రపురం, కుక్కునూరు, వేలేరుపాడు మండలాలు పూర్తిగా, భద్రాచలం, బూర్గంపహాడ్ మండలాల్లో కొంత భాగం ఆంధ్రకి పోయాయి. భద్రాచలం టౌను తెలంగాణలో మిగిలింది, దాని చుట్టూ ఉన్న పల్లెలు పోయాయి. 2016లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా వచ్చింది. నూగూరు వెంకటాపురం, వాజేడు భూపాలపల్లి జిల్లాకి పోయి, 2019లో ములుగుకి మారాయి. 2022లో ఆంధ్రవైపు కూనవరం, చింతూరు అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి, కుక్కునూరు, వేలేరుపాడు ఏలూరు జిల్లాలోకి చేరాయి.

ఇక్కడ ఒక తమాషా ఉంది. కుక్కునూరు, వేలేరుపాడు కుడిగట్టు ఊళ్లు, పాత నిజాం ఇలాఖా. వాటి పాత భూమి కాగితాలు ఉర్దూలో ఉంటాయి. ఇప్పుడవి ఏలూరు జిల్లాలో ఉన్నాయి. ఏలూరు కలెక్టరేటులో ఆ ఉర్దూ చదివేవాళ్లని ఎక్కడ వెతకాలి? అటు భద్రాచలం టౌను ఇప్పుడు తెలంగాణ. కానీ 1959కి ముందు దాని దఫ్తరం నడిచింది మద్రాసు పద్ధతిలో, తెలుగులో, ఇంగ్లీషులో. ఒక మనిషి పుట్టిన గుడిసె గడప దాటకుండానే మూడు నాలుగు జిల్లాల రైతు అయిపోతాడు. ప్రతి బదిలీకీ కొన్ని ఫైళ్లు వెనక ఉండిపోతాయి, కొన్ని దారిలో తప్పిపోతాయి. కాబట్టి ఇక్కడి ఊరి తారీఖు వెతకాలంటే తార్నాకలోని ఆర్కైవ్స్‌కీ, మద్రాసుకీ, కాకినాడకీ, నాగపూర్‌కీ తిరగాలి. చాలామందికి అది అయ్యే పని కాదు. కానీ అదే ఊళ్లో ఒక ఇంట్లో, గుడ్డలో చుట్టిపెట్టిన పది కాగితాల్లో ఈ జమానాలన్నీ ఒకదానిమీద ఒకటి కూర్చుని ఉంటాయి. ప్రభుత్వాలు మారినా ఆ పెట్టె మారలేదు.

రెండు గట్లు, రెండు లెక్కలు

ఆ కాగితాల్ని ఎలా చదవాలో తెలిసినవాళ్లు తగ్గిపోతున్నారు. ఇది మాత్రం జల్దీగా చూసుకోవాల్సిన సంగతి.

నిజాంవైపు కాగితాల్లో రోజు ఫస్లీలో ఉంటుంది. ఆజూర్, దై, బహమన్, ఇస్ఫందార్ అంటూ నెలలు. ఫస్లీ సంవత్సరానికి 590 కలిపితే మనకి తెలిసిన సంవత్సరం దాదాపుగా వస్తుంది. ఫస్లీ 1349 అని ఉంటే 1939-40 అన్నమాట. ఆజూర్ మొదలయ్యేది అక్టోబరు మొదట్లో. మద్రాసువైపు రెవెన్యూలో కూడా ఫస్లీ లెక్కే వాడారు, కానీ అక్కడ ఫస్లీ జూలై ఒకటిన మొదలవుతుంది. అంటే గోదావరి దాటితే సంవత్సరం మొదలే మూడు నెలలు జరిగిపోతుంది. రూపాయి కూడా అంతే. ఈ గట్టున హాలీ సిక్కా, ఆ గట్టున కల్దారు. రెండింటికీ మారకం వేరే. ఒక పాత రశీదులో "రూపాయలు" అని మాత్రం ఉంటే అది ఏ గట్టు రూపాయో తెలియాలి. పడవ రేవుల దగ్గర బతికినవాళ్లకి ఈ లెక్కలన్నీ నోటిమీద ఉండేవి. మనకి లేవు.

ఖాజీ సాబ్ దగ్గరుండే సియాహా కూడా ఇలాంటి ఖజానాయే. అది నిఖాల రిజిస్టరు. దుల్హా, దుల్హన్, వకీల్, గవాలు, మెహర్ ఎంత, ఏ మౌజే వాళ్లు, అన్నీ అందులో ఉంటాయి. బొగ్గుబావి పనికి ఎవరెవరు ఎక్కడెక్కడినుంచి వచ్చి ఈ అడవి అంచున ఇళ్లు కట్టుకున్నారో తెలుసుకోవడానికి అంతకంటే మంచి కితాబు దొరకదు. ఇల్లందులో 1889లో బొగ్గు తవ్వకం మొదలైంది. 1920లో కంపెనీకి సింగరేణి పేరు వచ్చింది. ఆ బావుల పక్కన లేచిన బస్తీల తారీఖు కంపెనీ రిపోర్టుల్లో టన్నుల లెక్కగా ఉంటుంది. సియాహాలో మాత్రం పేరూ, బాప్ పేరూ, ఊరుపేరూ ఉన్న మనుషులుగా ఉంటుంది.

ఇక్కడ ఒక గలత్‌ఫహమీ తీసేయాలి. ఉర్దూ కాగితం అనగానే అది ముసల్మానుల ఇంటి సంగతి అనుకుంటారు. నిజాం రాజ్యంలో దఫ్తరం జబాన్ ఉర్దూ. పట్వారీ బ్రాహ్మణుడైనా, పట్టాదారు రెడ్డి అయినా, కోమటి అయినా, అర్జీ ఉర్దూలోనే రాయించుకోవాలి. ఖమ్మం బడిలో చదువుకున్న దాశరథి కృష్ణమాచార్య గాలిబ్‌ని తెలుగు చేశాడంటే ఆ ఉర్దూ ఆకాశంలోంచి ఊడిపడలేదు. కాబట్టి మన ఇలాఖాలో ఉర్దూ కాగితాలు ఎక్కువగా ఉన్నది హిందువుల ఇళ్లల్లోనే. చదవగలిగే ముసలివాళ్లు మన గల్లీల్లో ఉన్నారు. కాగితం ఒక ఇంట్లో, కళ్లు ఇంకో ఇంట్లో. ఈ రెండూ ఒక మధ్యాహ్నం ఒకే చాపమీద కూర్చుంటే సగం పని అయిపోతుంది.

ఇంతకీ ఈ కాగితం ఎవరికి అవసరం?

"పాత కాగితాలతో ఏం పని భాయ్, కడుపు నిండుతుందా" అని అడిగేవాళ్లు ఉంటారు. ఈ అడవి అంచున దానికి జవాబు ఉంది. నిండుతుంది.

2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది. ఆదివాసీ కుటుంబం 2005 డిసెంబరు 13కి ముందునుంచీ ఆ భూమిలో ఉన్నట్టు చూపించాలి. ఆదివాసీలు కానివాళ్లు, అంటే అడవిమీదే బతికే దళితులు, బీసీలు, ముసల్మానులు, మూడు తరాలుగా అక్కడ ఉన్నట్టు చూపించాలి. చట్టం లెక్కలో తరం అంటే పాతికేళ్లు. మూడు తరాలంటే 75 ఏళ్లు. అంటే 1930 నుంచి. ఆ ఏడాది ఈ అడవిలో కుడిగట్టున ఉన్నది నిజాం సర్కారు, ఎడమగట్టున ఉన్నది మద్రాసు సర్కారు. అప్పటి సబూత్ కావాలంటే ఇంట్లోని ఉర్దూ రశీదు, పాత అర్జీ, ఖబ్రస్తాన్‌లోని రాయి తప్ప బీదవాడి దగ్గర ఇంకేం ఉంటుంది?

ఆ చట్టం నియమాల్లో సబూత్ కింద ఏవి చెల్లుతాయో జాబితా ఉంది. రేషన్ కార్డు, ఇంటిపన్ను రశీదు, సర్వే రికార్డులు సరే. వాటితో పాటు పాత సంస్థానాల దస్తావేజులు చెల్లుతాయి. పాత బావులు, కట్టలు, శ్మశానాలు, పూజా స్థలాలు చెల్లుతాయి. పాత రికార్డులో ఉన్న మనిషికీ మనకీ చుట్టరికం చూపించే వంశవృక్షం చెల్లుతుంది. అర్జీదారు కాని పెద్దమనుషులు చెప్పింది రాసి పెట్టినా చెల్లుతుంది. వీటిలో ఒకటి కంటే ఎక్కువ చూడాలని కూడా ఉంది. మనం "యాద్‌గార్" అనుకుని గుడ్డలో చుట్టిపెట్టినవాటిని చట్టం సాక్ష్యం అంటోంది. ఫొటో వెనక ఊరుపేరూ తారీఖూ రాయడం షోకు కోసం చేసే పని కాదు. ఎవరికో ఎకరం నేల నిలబెట్టే పని.

తారీఖు విలువ తెలియాలంటే భూబదలాయింపు చట్టాలు చూడాలి. ఎడమగట్టున ఏజెన్సీలో ఆదివాసీ భూమి చేతులు మారకూడదనే చట్టం 1917లోనే వచ్చింది. నిజాంవైపు ప్రాంతాలకి 1959 రెగ్యులేషన్‌ని 1963లో వర్తింపజేశారు. తర్వాత 1970లో వన్ ఆఫ్ సెవెంటీ. అంటే ఒకే నది, ఒకే అడవి, ఒకే కోయ కుటుంబం, కానీ అమ్మకం కాగితం మీద ఉన్న సంవత్సరం ఏ గట్టున ఏమిటో దాన్నిబట్టి న్యాయం మారుతుంది.

ఇక్కడే ఇంకో మాట ఒప్పుకోవాలి. కాగితం అమాయకమైంది కాదు. ఈ అడవిలో కోయల, కొండరెడ్ల భూములు పోయింది కూడా కాగితంతోనే. వేలిముద్ర వేయించుకున్న చేతికి ఒక రకం చరిత్ర, వేలిముద్ర వేసిన చేతికి ఇంకో రకం. కాబట్టి కాగితాలు మాత్రమే పోగేస్తే కాగితం ఉన్నవాళ్ల చరిత్రే మిగులుతుంది. సావుకార్ల, దొరల, మునసబుల చరిత్ర. పట్టా లేనివాడు అందులో బాకీదారుగా తప్ప కనపడడు.

కోయల దగ్గర వాళ్ల దస్తావేజు వేరే ఉంది. పడిగె అంటారు. గోత్రం కథ బొమ్మలుగా ఉన్న గుడ్డ. డోలి కోయలు దాన్ని నిలబెట్టి, డోలు కొడుతూ, వంశం మొత్తం పాడతారు. మణుగూరు దగ్గరి సకిని రామచంద్రయ్య అలా సమ్మక్క సారలమ్మల కథ, కోయ వీరుల కథ పుస్తకం చూడకుండా పాడినవాడు. 2022లో ఆయనకి పద్మశ్రీ ఇచ్చారు. 2024లో వెళ్లిపోయాడు. అవార్డు ఇచ్చినంత ఈజీగా ఆ గొంతు వెనకున్న మొత్తం ఇల్మ్‌ని ఎవరైనా దాచారా అన్నది ప్రతి ఊరూ తన ముసలి పాటగాళ్ల గురించి వేసుకోవాల్సిన ప్రశ్న. నిజాం మొహరున్న సనదు ఎంత దస్తావేజో, పడిగె అంత దస్తావేజు. మా గల్లీలో పీర్ల చావిడి కథ ఎంత తారీఖో, గూడెంలో చెట్టుకింది వేల్పు కథ అంత తారీఖు.

నీళ్లు, నిప్పు, ఖౌఫ్

భద్రాచలం వంతెన దగ్గర 43 అడుగులంటే మొదటి హెచ్చరిక, 48 రెండోది, 53 మూడోది. 1986 ఆగస్టులో గోదావరి 75.6 అడుగులకి వచ్చింది. 2022 జూలైలో 71.3. ఆ రెండు వరదల గురించి మనకి నీటి లెక్క అడుగుల్లో తెలుసు. ఎన్ని ఇళ్లల్లో ఎన్ని ట్రంకు పెట్టెలు మునిగాయో లెక్క ఎవరూ రాయలేదు. వరద తగ్గాక ముందు బురద ఎత్తుతారు, బియ్యం ఆరబెడతారు. అట్టలు అట్టలుగా అతుక్కున్న ఫొటోల్ని చూసే టైం ఎవరికుంటుంది? పోలవరం నిండు మట్టం 150 అడుగులు. అది నిండాక మునిగేవి ఇళ్లూ పొలాలే కాదు, సాక్ష్యం కింద చెల్లే ఆ బావులూ కట్టలూ ఖబ్రస్తాన్‌లూ కూడా. పునరావాస కాలనీకి పోయిన కుటుంబం వెంట రాళ్లు రావు. ఫొటోలు రాగలవు, ఇప్పుడే తీసుకుంటే.

నీళ్లు నగరాన్నీ వదల్లేదు. హైదరాబాద్‌లో అబ్దుస్ సమద్ ఖాన్ అనే ఒక్క మనిషి జిందగీ అంతా పోగుచేసిన ఉర్దూ కితాబులు, రిసాలాలు సుందరయ్య విజ్ఞాన కేంద్రానికి చేరాయి. 2000 ఆగస్టు వరదలో నీళ్లు అక్కడికి కూడా వచ్చాయి. పెద్ద భవనంలో పెడితే భద్రం అనుకోవడానికి లేదు. ఒకేచోట ఒకే కాపీ ఉండటమే అసలు ఖతరా.

నిప్పు సంగతి వేరు. దాని వెనక ఖౌఫ్ ఉంది. 1948 పోలీస్ యాక్షన్ తర్వాత రూమీ టోపీతో, యూనిఫాంతో ఉన్న ఫొటో ఇంట్లో దొరికితే ఏమవుతుందో అన్న భయం ఎంతో మంది ముసల్మానుల్ని వెంటాడింది. సాయుధ పోరాటం రోజుల్లో కమ్యూనిస్టుల ఇళ్లల్లో కరపత్రాలదీ అదే గతి. ఆ రోజుల గురించి సుందర్‌లాల్ కమిటీ ఇచ్చిన రిపోర్టునే సర్కారు దశాబ్దాలపాటు బయటపెట్టలేదు. అలాంటప్పుడు ఒక మామూలు ఇల్లాలు చూల్హాలో కాగితం వేసిందంటే ఆమెని తప్పుపట్టే హక్కు మనకి లేదు. ఆ కాలి పోయిన ఫొటో గురించి ఆమె చెప్పే మాటలే ఇప్పుడు ఆ ఫొటో.

ఈ ఖౌఫ్ ఇప్పటికీ పూర్తిగా పోలేదు. కాగితాలు చూపించమని ఎవరడిగినా "ఎందుకు, ఎవరు పంపారు" అని గుండె దడదడలాడుతుంది. భూమి తగాదా ఉన్నవాళ్లకి ఇంకా ఎక్కువ. అందుకే ఇల్లిల్లూ తిరిగి కాగితాలు ఎత్తుకుపోయే పద్ధతిని నేను ఒప్పుకోను. ఇజాజత్ లేకుండా ఒక్క ఫొటో కూడా ఫేస్‌బుక్‌లో పెట్టకూడదు. ఆస్తి కాగితం సర్వే నంబరు పదిమందికి కనపడకూడదు.

అసలు ఇంట్లో, నకలు ఊళ్లో

కొండరెడ్ల సంగతి చూడండి. 1940లలో హైమెన్‌డార్ఫ్ అనే మానవశాస్త్రవేత్త గోదావరి కొండల్లో కొండరెడ్ల మధ్య ఉండి, 1945లో వాళ్లమీద పుస్తకం అచ్చువేశాడు. ఆయన జిందగీలో తీసిన ఫొటోల ఖజానా లండన్‌లో సోయాస్ విద్యాసంస్థ దగ్గర ఉంది. ఆ ఫొటోల్ని భద్రంగా ఉంచినందుకు షుక్రియా చెప్పాల్సిందే. కానీ మన పాపికొండల మనవడు తన తాత మొహం చూడాలంటే లండన్ వైపు చూడాల్సి రావడం బాగాలేదు. ఇప్పుడు మనం చేసే పనిలోనైనా ఆ దారి మార్చాలి.

ఉర్దూ మనకి రెండు మాటలు ఇచ్చింది. అసలు, నకలు. అసలు కాగితం ఎవరిదో వాళ్ల ఇంట్లోనే ఉండాలి. నకలు ఊళ్లో ఉండాలి, ఒకచోట కాదు, రెండుమూడుచోట్ల. మ్యూజియం వస్తే మంచిదే. కానీ మ్యూజియానికి కావాల్సింది తానీషా ఫర్మానా, రాజుల కత్తి. తునికాకు కల్లం కూలీ కార్డు, సింగరేణి బావిలో దిగిన మనిషి గుర్తింపు కార్డు, నానీ పాన్‌దాన్, జుజ్‌దాన్‌లో పెట్టిన ఖురాన్ మొదటి పేజీలో రాసిన పిల్లల పుట్టినరోజులు, వీటికి మ్యూజియంలో అద్దాలబీరువా ఎవరూ ఇవ్వరు. ఇవి దాచాల్సింది మనమే.

ఒక్క మనిషితో ఏమవుతుందని అనుకోకండి. తమిళనాట కోట్టైయూర్ అనే చిన్న ఊళ్లో సైన్‌బోర్డులు రాసుకునే రోజా ముత్తయ్య పాత పుస్తకాలు, పత్రికలు, కరపత్రాలు, పెళ్లి పత్రికలు పోగేశాడు. ఆయన 1992లో పోయాక ఆ సంపదతో 1994లో చెన్నైలో రోజా ముత్తయ్య పరిశోధనా గ్రంథాలయం లేచింది. మన చీరాల పక్కన వేటపాలెంలో 1918లో పెట్టిన సారస్వత నికేతనం పాత తెలుగు పత్రికల్ని ఈరోజుకీ దాస్తోంది. వేటపాలెం రాజధాని కాదు. చేనేత ఊరు.

పని కూడా కష్టమైంది కాదు. ఫొటో వెనక మెత్తటి పెన్సిల్‌తో రాయండి. పెన్ను సిరా ముందుకి దిగుతుంది. ఐదు సంగతులు చాలు: ఎవరు, ఏ ఊరు, ఎప్పుడు, ఏ సందర్భం, ఈ సంగతి చెప్పింది ఎవరు. తారీఖు కరెక్టుగా తెలియకపోతే "పెద్ద వరదకి రెండేళ్ల ముందు", "అక్క షాదీ అయిన ఏడాది" అని రాయండి. అది కూడా తారీఖే. కాగితాన్ని లామినేషన్ చేయించకండి, చిరిగినచోట సెల్లో టేపు వేయకండి. రెండూ కొన్నేళ్లకి కాగితాన్ని తినేస్తాయి. తడిసి అతుక్కున్న ఫొటోల్ని పీకకండి. శుభ్రమైన చల్లటి నీళ్లలో కాసేపు ఉంచి నెమ్మదిగా విడదీసి, నీడలో ఆరబెట్టండి. ఫోన్‌తో తీసేటప్పుడు పగటి వెలుతురులో, నీడపడకుండా, ముందూ వెనకా రెండువైపులా తీయండి. వెనకవైపే అసలు సంగతి ఉంటుంది. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే అది కుదించేస్తుంది, డాక్యుమెంటుగా పంపండి. ఒక కాపీ ఇంకో ఊళ్లో ఉన్న చుట్టాల దగ్గర పెట్టండి. గోదావరి అందరి ఇళ్లకీ ఒకేసారి రాదు.

ఊరుగా చేయగలిగింది ఇంకోటి ఉంది. నెలకో ఆదివారం శాఖా గ్రంథాలయంలోనో, బడి వరండాలోనో, మస్జిద్ సహన్‌లోనో కూర్చోవాలి. ఉర్దూ చదివే ఒక పెద్దాయన, తెలుగు గొలుసుకట్టు రాత చదివే ఒక పాత కరణం, కోయ మాట్లాడే ఒక అవ్వ, ఫోన్ పట్టుకున్న ఇద్దరు కాలేజీ పిల్లలు. కాగితం తెచ్చినవాళ్లు తమ కాగితం పక్కనే కూర్చుని చదివించుకుని, నకలు ఇవ్వాలనిపిస్తే ఇచ్చి, అసలు చంకలో పెట్టుకుని ఇంటికి పోవాలి. మూసేస్తున్న ఫొటో స్టూడియోల వాళ్లని కూడా పిలవాలి. పాత నెగెటివులు వెండి తీసుకునేవాళ్లకి తూకానికి పోతాయి. అందులో ఊరు ఊరంతా ఉంటుంది. ఖర్చు చాయ్, బిస్కట్.

రామదాసు లెక్క

గోపన్న ఖజానా సొమ్ముతో గుడి కట్టాడని తానీషా ఖైదు చేశాడని, ఆయన చెరసాలలో ఉండి రాముడిని నిలదీశాడని అందరికీ తెలుసు. ఆ నిలదీసిన కీర్తనల్లో ఒకటుంది. సీతమ్మకి ఏ నగ చేయించాడో, లక్ష్మణుడికి ఏది, భరతుడికి ఏది, దేనికి ఎన్ని వరహాలు పట్టాయో వరసపెట్టి చెబుతాడు. అది భక్తి కీర్తనే. తహసీల్దారు అప్పజెప్పిన జమాఖర్చు కూడా. మనలో ఎవరూ పాల్వంచ పరగణా దఫ్తరం చూసి ఆ లెక్క నేర్చుకోలేదు. వీధి అరుగుమీద, భజనలో, సినిమాలో విని నేర్చుకున్నాం. కల్యాణానికి ఇప్పటికీ సర్కారు తరఫున ముత్యాల తలంబ్రాలు పోతాయి. అది తానీషా మొదలుపెట్టిన రివాజు అని చెప్పుకుంటాం.

మూడు వందల ఏళ్లకి పైగా ఆ లెక్క చెరగకపోవడానికి బీరువా కారణం కాదు. జనం దాన్ని మళ్లీ మళ్లీ నోటికి తెచ్చుకున్నారు. మన సందూఖులోని కాగితాలకి కూడా అదే కావాలి. బయటికి తీయాలి, చదివించుకోవాలి, పిల్లలకి వినిపించాలి, నకలు తీసి పంచాలి.

మీ ఇంట్లో ఆ ఫొటోలో చాపమీద కూర్చున్న పాప ఇప్పుడు ఎనభై దాటి ఉంటుంది. మధ్యాహ్నం నమాజ్ అయ్యాక కాస్త ఖాళీగా ఉంటుంది. పెన్సిల్ తీసుకుని పక్కన కూర్చోండి.